ఫైళ్లు, చీటీలు, కావలివాడు

మనము గ్రంథాలయమునకు పోయి ఒక పుస్తకము నడిగితిమనుకొందము. పుస్తకము బీరువాలో కన్నుల యెదుటనే యున్నది. మన చందా బాకీ లేదు. అయినను గుమాస్తా ఇయ్యననుచున్నాడు. కారణమడుగగా పుస్తకము వెన్నుమీది చీటి చూపినాడు. అది అరువిచ్చు పుస్తకముల చీటి కాదు, కార్యాలయపు కాగితముల చీటి. ఎవరో దానిని కార్యాలయపు గదినుండి తెచ్చి ఈ బీరువాలో పెట్టినారు గాని, చీటి మార్చుట మరచినారు. గుమాస్తా చేసిన తప్పేమియు లేదు. అతడు చూడవలసినది చీటినే. సరిగా ఇట్టి చిక్కే కంప్యూటరులలోను కలుగుచుండును. దానిని గూర్చియు, దానిని చక్కబెట్టు మార్గమును గూర్చియు నేడు ముచ్చటింతము.

లినక్స్ అనునది కంప్యూటరును నడుపు వ్యవస్థలలో నొకటి. వెబ్‌సైటులను నడుపు యంత్రములు పెక్కు దీనితోనే పనిచేయుచున్నవి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకును మూలమిదియే. ఇందు ప్రతి ఫైలునకు ఒక యజమాని యుండును. దానిని ఎవరు చదువవచ్చునో, ఎవరు వ్రాయవచ్చునో అతడే నిర్ణయించును. ఈ ఏర్పాటులో ఒక లోపమున్నది. ఒకరి పేరిట నడచుచున్న ప్రోగ్రామును దొంగ వశపరచుకొన్నచో, వారికిగల అధికారమంతయు దొంగకు సంక్రమించును.

ఈ లోపమును తీర్చుటకై అమెరికా ప్రభుత్వపు జాతీయ భద్రతా సంస్థ ఎస్.ఇ. లినక్స్ అను రక్షణ పద్ధతిని రూపొందించి, 2000 డిసెంబరులో అందరికిని అందుబాటులోనికి తెచ్చినది. 2003లో అది లినక్స్ కెర్నెలులో, అనగా ఆ వ్యవస్థ మూలభాగములో, చేరినది. ఈ పద్ధతిలో ప్రతి ఫైలునకును ఒక చీటి యుండును. నడచుచున్న ప్రతి ప్రోగ్రామునకును ఒక చీటి యుండును. చీటిలో పెక్కు భాగములున్నను ముఖ్యమైనది ‘రకము’. ఏ రకపు ప్రోగ్రాము ఏ రకపు ఫైలును ముట్టవచ్చునో ఒక నిబంధనావళిలో వ్రాసియుండును. అందులో లేనిది నిషిద్ధము. ఫైలు యజమాని సమ్మతించినను చెల్లదు. ఈ నిబంధనావళిని పట్టుకొని ద్వారమున నిలిచిన కావలివాడే ఎస్.ఇ. లినక్స్ అనుకొన్నచో విషయము సుబోధమగును.

ఇక మా అనుభవము. మేము నలుగురు మిత్రులము కలిసి పాత తెలుగు పుస్తకముల ఛాయాప్రతులను ఒక చిన్న వెబ్‌సైటులో ఉంచుచుంటిమి. ఒకనాటి రాత్రి క్రొత్త పుటలను మా సొంత ఫోల్డరులో సిద్ధపరచి, వెబ్‌సైటు ఫోల్డరులోనికి తరలించితిమి. తెల్లవారుసరికి పాఠకుల జాబులు. పుట తెరువబోయినచో ‘అనుమతి లేదు’ అను సమాధానము వచ్చుచున్నదట. ఫైళ్లు ఉండవలసినచోటనే యున్నవి. యజమాని పేరు సరిగానే యున్నది. చదువు హక్కు అందరికిని ఇచ్చియే యుంటిమి. రెండు దినములు తల బద్దలుకొట్టుకొన్నను కారణము దొరకలేదు.

అంతట ఒక పరిచితుడు సులభోపాయము చెప్పినాడు: ‘ఆ ఎస్.ఇ. లినక్స్‌ను తీసివేయుడు, పీడ విరగడయగును.’ తీసివేసితిమి. పుటలన్నియు తెరచుకొన్నవి. మేము సంతోషించితిమి. ఆ సంతోషము నాలుగు నెలలు సాగినది.

తరువాత తెలిసినవారొకరు మా యంత్రమును చూచి, కావలివానిని తొలగించితిరేమని మందలించినారు. సిగ్గుపడి తిరిగి నియమించబోగా, మునుపు ఒక ద్వారమే మూసికొన్నది, ఇప్పుడు పది ద్వారములు మూసికొన్నవి. కారణమేమనగా, కావలివాడు లేని కాలమున పుట్టిన ఫైళ్లకు చీటీలే అంటవు. నాలుగు నెలలలో చేరిన ప్రతి ఫైలును చీటి లేని అనామకమే.

అప్పుడు గాని మొదటి చిక్కు మాకు బోధపడలేదు. చీటి ఫైలులోని విషయమునందుండదు. ఫైలుతోపాటు డిస్కుమీద వేరుగా భద్రపరుపబడును. కావున ఫైలు తెరచి చూచినను కనబడదు. ఫైళ్ల పట్టిక చూపు ‘ఎల్ఎస్’ ఆదేశమునకు పెద్ద ‘జెడ్’ అక్షరము చేర్చి అడిగినచో కనబడును. ఫైలును ‘ఎంవి’ ఆదేశముతో ఒకచోటినుండి వేరొకచోటికి తరలించినచో పాత చీటి దానిని వెంబడించి వచ్చును. ‘సిపి’ ఆదేశముతో ప్రతి తీసినచో క్రొత్త ఫైలు పుట్టును గనుక, సాధారణముగా దానికి చేరినచోటికి తగిన చీటి లభించును. మేము తరలించితిమి. మా పుటలు వెబ్ ఫోల్డరులో నిలిచియు, ‘ఇంటి ఫైలు’ అను చీటినే ధరించియుండెను. వెబ్ పుటలను పంపు ప్రోగ్రామునకు ఇంటి ఫైళ్లతో పనిలేదని కావలివాడు అడ్డగించినాడు. గ్రంథాలయపు గుమాస్తా వలెనే, అతడు చేసినది న్యాయము.

దీనికి విరుగుడు ఒక చిన్న ఆదేశము. దాని పేరు ‘రెస్టోర్‌కాన్’. ఏ చోటనున్న ఫైలునకు ఏ చీటి యుండవలెనో తెలుపు పట్టిక యొకటి వ్యవస్థలోనే యున్నది. రెస్టోర్‌కాన్ ఫైలు ఉన్న చోటును చూచి, పట్టికను సంప్రదించి, చీటి తప్పుగానున్నచో సరియైనదానిని అంటించును. పెద్ద ‘ఆర్’ అక్షరము చేర్చినచో లోపలి ఫోల్డరులన్నిటిని చుట్టివచ్చును. ‘వి’ చేర్చినచో ఏమి మార్చినదో చెప్పును. ‘ఎన్’ కూడ చేర్చినచో ఏమియు మార్చక, మార్పదలచినది మాత్రము చెప్పును. ముందుగా ఈ ‘ఎన్’తో అడిగి చూచుట మంచిది. ఆనాడు మాకీ ఒక్క పంక్తి తెలిసియున్నచో రెండు దినముల వేదనయు, నాలుగు నెలల పొరపాటును తప్పియుండెడివి.

యంత్రమంతయు చెదరినప్పుడు మార్గము వేరు. కావలివానిని మొదట, అడ్డగింపక తప్పులను చిట్టాలో మాత్రము వ్రాయు స్థితిలో నియమింపవలెను. డిస్కు మూలస్థానమున ‘.ఆటోరీలేబుల్’ అను ఖాళీ ఫైలునుంచి యంత్రమును తిరిగి ప్రారంభించినచో, అది మేలుకొనుచునే ఫైళ్లన్నిటికిని చీటీలంటించును. ఫైళ్లు ఎక్కువైనచో చాల సేపు పట్టును. నడుమ విద్యుత్తు ఆపరాదు. చిట్టా నిర్మలముగా నున్నదని చూచుకొన్న పిదపనే పూర్తి కావలిని విధింపవలెను. మేమట్లే చేసితిమి.

ఒక హెచ్చరిక. రెస్టోర్‌కాన్ తనంతట తానాలోచింపదు. పట్టికలో నున్నదే చేయును. మనము వెబ్ పుటలను పట్టిక యెరుగని క్రొత్త ఫోల్డరులో పెట్టుకొన్నచో, అది వెబ్ చీటి నంటింపదు. అప్పుడు కొందరు ‘సిహెచ్‌కాన్’ ఆదేశముతో చేతివ్రాత చీటి నంటింతురు. ఆ దినమునకు పని జరుగును. తరువాత ఎన్నడో చీటీలను సరిచేయగా అది చెరిగిపోవును. ‘సెమనేజ్’ అను సాధనముతో పట్టికలోనే క్రొత్త నియమమును వ్రాయించి, ఆపైన రెస్టోర్‌కాన్‌ను నడుపుట సరియైన పద్ధతి. పట్టిక సరిగానున్నచో చీటీలు ఎన్నిమారులు చెదరినను తిరిగి కుదురుకొనును.

అడ్డగించిన ప్రతిమారును చీటిదే తప్పనుకొనుటయు పొరపాటే. నిజముగా దొంగయే తలుపు తట్టియుండవచ్చును. ఏ ప్రోగ్రాము ఏ ఫైలును ముట్టబోయినదో చిట్టాలో నుండును. దానిని చదివిన పిదపనే చీటీలమీద చేయి వేయవలెను.

ఇదంతయు యంత్రములు నడుపువారి గొడవ యని శ్రోతలనుకొందురేమో! ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ కావలివాడు 2013లో వచ్చిన 4.3వ కూర్పులో ప్రవేశించినాడు. 2014లో వచ్చిన 5.0 కూర్పునుండి పూర్తి అధికారముతో నున్నాడు. ఫోను మేలుకొనునప్పుడు కొన్ని ఫోల్డరుల చీటీలను తానే సరిచేసికొనును. మనము ఏ ఆదేశమును ఇయ్యనక్కరలేదు.

మా నాలుగు నెలల మాట చెప్పి ముగింతుము. ఆ కాలమున మా యంత్రములోనికి ఎవరైన చొరబడిరా యని తరువాత చిట్టా తిరుగవేసితిమి. ఎస్.ఇ. లినక్స్ వ్రాతలున్నచోట ఆ నాలుగు నెలలకు ఒక్క పంక్తియు లేదు. అడ్డగించువానిని పంపివేసినపుడు, అడ్డగింపులను వ్రాసిపెట్టువానిని కూడ పంపివేసితిమి. నాటినుండి తలుపు తెరచుకొననప్పుడు మేము మొదట చిట్టాను చదువుచున్నాము, పిమ్మట చీటిని చూచుచున్నాము. కావలివానిని పంపివేయు మాట మరల తలపెట్టలేదు.