కొనే చెయ్యి, గీసే చెయ్యి: ఢిల్లీ పిల్లల హాస్య కామిక్స్



ఈ స్మారకోపన్యాసం ఏ మాస్టారి పేరు మీద ఏర్పాటైందో, ఆయన ఢిల్లీలో రెండు తరాల తెలుగు పిల్లలకు వాచకం చెప్పారు. వాచకం మధ్యలో కామిక్ పెట్టుకుని చదివే పిల్లవాడు పట్టుబడితే పుస్తకం లాక్కునేవారు కాదు. పాఠం అయ్యాక తానూ తీసుకుని చదివేవారు. అలాంటి గురువు స్మృతిలో మాట్లాడడానికి ఇంతకన్నా తగిన విషయం నాకు తోచలేదు.

పిల్లల హాస్య కామిక్స్‌లో బొమ్మల తీరు ఎందుకు మారుతూ వస్తుంది? చిత్రకారుల అభిరుచి, అచ్చుయంత్రాలు, కంప్యూటర్లు అని కారణాలు చెబుతారు. అవీ నిజమే. కానీ నా దృష్టి ముందుగా పోయేది డబ్బిచ్చే చేతి మీదికి. పిల్లవాడు తన చిల్లరతో తానే తెచ్చుకున్నంతకాలం గీత ఒక రకంగా ఉంది. ఆ చెయ్యి తండ్రిదో, టీవీ చానల్‌దో, ప్రభుత్వానిదో, నలభయ్యేళ్ల అభిమానిదో అయ్యాక గీత మరో రకమైంది.

పోలిక కోసం ముందు బ్రిటన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. స్కాట్లండ్‌లోని డండీ నగరంలో డీ.సీ. థామ్సన్ సంస్థ 1937 డిసెంబరు 4న ‘డాండీ’ అనే పిల్లల కామిక్ వారపత్రికను, మరుసటి ఏడాది జూలైలో ‘బీనో’ను మొదలుపెట్టింది. వెల రెండేసి పెన్నీలు, అంటే పిల్లల జేబుకు అందేంత. డడ్లీ వాట్కిన్స్ బొమ్మలు అప్పట్లో శుభ్రంగా, నిండుగా ఉండేవి. 1950ల్లో డేవిడ్ లా చేతిలో డెన్నిస్ అనే అల్లరి పిల్లవాడు గీకినట్టుండే గీతలతో దూసుకొచ్చాడు. 1954లో లియో బాక్సెండేల్ బాష్ స్ట్రీట్ బడిపిల్లల్ని మొదలుపెట్టాడు. బడిగంట మోగగానే గుంపంతా ఒక్కసారిగా బయటికి ఉరుకుతుంది. ఒకే బొమ్మలో ఇరవై చోట్ల ఇరవై అల్లర్లు. వారమంతా ఆ పేజీ పిల్లవాడి దగ్గరే ఉంటుంది, చూసిన ప్రతిసారీ కొత్తది దొరుకుతుంది. రెండు పెన్నీలిచ్చిన పిల్లవాడికి అంతకు మించిన గిట్టుబాటు ఏముంది? 1950 ప్రాంతంలో బీనో వారానికి 20 లక్షల ప్రతులకు చేరువగా అమ్ముడైంది.

మన ఢిల్లీలో చరిత్ర శంకర్‌తో మొదలవ్వాలి. ‘శంకర్స్ వీక్లీ’ నడిపిన కార్టూనిస్టు శంకర్ పిళ్లై 1949లో పిల్లల చిత్రలేఖన పోటీ, 1957లో చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ ప్రారంభించాడు. ట్రస్టు భవనం బహదూర్ షా జఫర్ మార్గ్‌లో, మన ఆంధ్రా స్కూలుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. అక్కడి పుస్తకాలు అందమైనవి. అయితే అవి పెద్దవాళ్లు పిల్లల కోసం ఎంచి కొన్నవి. పిల్లలు తమంతట తాము వెతుక్కున్న పుస్తకం ఇంకోచోట అచ్చవుతోంది.

ప్రాణ్ కుమార్ శర్మ 1938 ఆగస్టు 15న లాహోర్ దగ్గరి కసూర్‌లో పుట్టాడు. దేశవిభజనతో కుటుంబం ఇటు వచ్చింది. 1960లో ఢిల్లీ ‘మిలాప్’ పత్రికలో ‘దాబూ’ గీశాడు. విదేశీ కామిక్స్ దిగుమతి చేసుకుని అచ్చేసుకుంటున్న రోజుల్లో మన వీధి మనిషిని కథానాయకుణ్ని చేశాడు. 1971లో ‘లోట్‌పోట్’ అనే పిల్లల పత్రిక కోసం చాచా చౌదరిని సృష్టించాడు. 1978లో డైమండ్ కామిక్స్ మొదలయ్యాక అతని పాత్రలు చాచా, బిల్లూ, పింకీ, రమన్ ఇంటింటికీ చేరారు.

చాచా పేజీ ఒకటి దగ్గరగా చూద్దాం. ఎర్ర తలపాగా, తెల్ల మీసం, చేతుల్లేని కోటు, కర్ర. గది అంటే గోడా నేలా కలిసే ఒక్క గీత, మహా అయితే ఒక కుర్చీ. వీధి అంటే రెండు గీతలు, దూరంగా ఓ చెట్టు. మనుషులు తల నుంచి కాలిదాకా కనిపిస్తారు, వీధినాటకం పాత్రల్లా పక్కపక్కన నిలబడి మాట్లాడుకుంటారు. నీడల్లేవు, వింత కోణాల్లేవు. చాచాకు తోడుగా ఉండే, బృహస్పతి గ్రహం నుంచి వచ్చిన సాబూ కూడా అదే గీతతో, కొంచెం పెద్దగా గీసిన మనిషే. అతనికి కోపం వస్తే ఎక్కడో అగ్నిపర్వతం బద్దలవుతుంది. ఆ పర్వతానికి కూడా నాలుగు గీతలే.

చేతకాని బొమ్మలని దీన్ని తీసిపారేసిన వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఈ గీత అద్దె కామిక్ కోసం పుట్టింది. వేసవి సెలవుల్లో కరోల్‌బాగ్‌లోనో ఆర్.కె. పురంలోనో తాడు కట్టి కామిక్స్ వేలాడదీసిన దుకాణం ముందు పిల్లలు మూగేవారు. పావలాకో అర్ధరూపాయికో రోజు అద్దె. సాయంత్రానికి తిరిగి ఇవ్వాలి, ఈలోగా నలుగురు స్నేహితులు చదవాలి. అంత గబగబా చదివే పేజీలో బాక్సెండేల్ గుంపులు ఇమడవు. పైగా ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషుతో పెరిగే మన పిల్లవాడు అప్పుడప్పుడే దేవనాగరి కూడబలుక్కుంటున్నాడు. మాట తెలియకపోయినా బొమ్మ చెప్పేస్తుంది. ఢిల్లీ తెలుగు ఇళ్లలో ఎంతమందికో చాచా దగ్గరే హిందీ వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. చాచాను ఏడేళ్ల పిల్లవాడు గీయగలడు. బిల్లూ కళ్ల మీద జుట్టు పడి ఉంటుంది, కాబట్టి కళ్లు గీయడం రాకపోయినా బిల్లూను గీయవచ్చు! నోటుబుక్కు చివరి పేజీల్లోకి దిగిపోయిన బొమ్మలవి. పాఠకుడి చేతికి అంతగా లొంగడం ఒక చిత్రకారుడి గొప్ప విజయమని నా నమ్మకం.

అదే నగరంలో, 1980ల్లో, ఇండియా టుడే సంస్థ ‘టార్గెట్’ అనే ఇంగ్లీషు పిల్లల పత్రిక నడిపింది. అందులో హైదరాబాదులో పుట్టిన అజిత్ నైనన్ ‘డిటెక్టివ్ మూఛ్‌వాలా’ గీశాడు. మీసాల డిటెక్టివ్, అతని కుక్క, చుట్టూ ప్రతి మూలలో దాగిన చిన్న చిన్న చిత్రాలు, అల్లుకుపోయిన సన్నగీతలు. చూసేకొద్దీ దొరికే బొమ్మ అది. ఇంగ్లీషు బడుల పిల్లల తల్లిదండ్రులు చందా కట్టేవారు, సంచిక నెలంతా ఇంట్లో ఉండేది. ఆ పత్రిక నాకెంతో ఇష్టం. అయినా అద్దె దుకాణం తాడు మీద అది వేలాడేది కాదు.

రాజ్ కామిక్స్ అనే ప్రచురణ సంస్థ 1986లో వచ్చింది. నాగరాజ్, ధ్రువ్ లాంటి వీరుల మధ్య బాంకేలాల్ అనే విదూషకుడూ ఉన్నాడు. అతను రాజుకు ఎంత కీడు తలపెట్టినా శాపవశాన మేలే జరుగుతుంది. 1990ల్లో కేబుల్ టీవీ ఇంట్లోకి వచ్చింది. సెలవుల్లో అద్దె దుకాణాల ముందు పిల్లలు పలచబడ్డారు, ఆ దుకాణాలు ఒక్కొక్కటీ ఫోటోస్టాట్, మొబైల్ రీచార్జి షాపులైపోయాయి.

తర్వాత చెయ్యి మారింది. లోట్‌పోట్‌లో చదును గీతలతో పుట్టిన మోటూ, పత్లూ 2012లో నికలోడియన్‌లో త్రీడీ బొమ్మలై మెరిశారు. తెలుగు ఇళ్లలో పిల్లలు వాళ్లను తెలుగు మాటల్లోనే చూశారు. డబ్బు ప్రకటనల నుంచి వస్తుంది కాబట్టి రిమోటు పట్టుకున్న పిల్లవాడు ఒక్క క్షణమైనా చూపు తిప్పకూడదు. అందుకే అంత వేగం, అంత రంగు, అంత చప్పుడు. ఆ మోటూను పిల్లవాడు చూడగలడు గాని గీయడం కష్టం.

2011 ఫిబ్రవరిలో దిల్లీ హాట్‌లో కామిక్స్ అభిమానుల మేళా, తొలి కామిక్ కాన్ ఇండియా జరిగింది. ఒకనాటి అద్దె కామిక్స్ పిల్లలు ఉద్యోగస్తులై రావడం మొదలైంది. వాళ్ల కోసం పాత కామిక్స్ మెరిసే కాగితం మీద, గట్టి అట్టలతో మళ్లీ వచ్చాయి. వాళ్ల ప్రేమను నేను గౌరవిస్తాను. కానీ ఆ ధరకు ఏ పిల్లవాడూ తన చిల్లరతో కొనుక్కోలేడు. ప్రాణ్ 2014 ఆగస్టులో గురుగ్రామ్‌లో కన్నుమూశాడు, మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. 2021లో చాచా గంగానది ప్రక్షాళనకు చేపట్టిన నమామి గంగే పథకానికి ప్రచారచిహ్నమయ్యాడు. ఆ తర్వాత ఎన్నికల సంఘం ఓటర్ల కోసం అతనితో కామిక్ తెచ్చింది. ఆశయాలు మంచివే. కాకపోతే అక్కడ చాచా రావడం ఒక విషయం బోధించడానికి. పిల్లవాడు అతన్ని పిలిచింది నవ్వడానికి.

బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. డాండీ 2007లో ఖరీదైన పక్షపత్రికైంది, 2010లో సరికొత్త గీతలతో వారపత్రికగా తిరిగొచ్చింది. వారానికి 8,000 ప్రతుల కిందికి పడిపోయి, 2012 డిసెంబరు 4న, సరిగ్గా 75 ఏళ్లకు, అచ్చు ఆపేసింది. కొత్త గీతలే ముంచాయని పాత అభిమానులు కోప్పడ్డారు. నాకది అన్యాయంగా తోస్తుంది. అప్పట్లో డాండీ పాత్ర డెస్పరేట్ డాన్‌ను గీసిన జేమీ స్మార్ట్ బొమ్మల్నే పిల్లలు ఇప్పుడు ‘బన్నీ వర్సెస్ మంకీ’లో ఎగబడి చదువుతున్నారు. గీతలో లోపం లేదు. వీధి మలుపులో పిల్లవాడు ఒంటరిగా వెళ్లి కొనుక్కునే కొట్టు పోయింది.

మన తెలుగులో కూడా చూడండి. ముళ్లపూడి రాసి బాపు గీసిన ‘బుడుగు’ 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది, అంటే పెద్దలు కొనే పత్రికలో. ‘చందమామ’ను తల్లిదండ్రులు కొనిపెట్టారు. తెలుగు పిల్లవాడు తన డబ్బుతో, తన ఇష్టంతో తెచ్చుకున్న నవ్వుల బొమ్మలపత్రిక అంతగా నిలదొక్కుకోలేదు. ఇంత గొప్ప చిత్రకారులున్న భాషకు అది లోటే.

కాబట్టి ఈ సభ ఏర్పాటు చేసిన పెద్దలకు ఒక విన్నపం. మాస్టారి పేరుతో ఈ భవనంలో ఒక కామిక్స్ అర పెట్టండి. ఏడేళ్ల పిల్లవాడి చెయ్యి అందే ఎత్తులో ఉండాలి. హిందీ, ఇంగ్లీషు, తెలుగు కలిసి ఉండాలి. అద్దె రూపాయి, అది పిల్లవాడే ఇవ్వాలి. రిజిస్టరులో పేరు వాడే రాసుకోవాలి. ఏది మంచిదో పెద్దలు చెప్పకూడదు, పుస్తకం చిరిగితే తిట్టకూడదు. దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల సంత 2019 నుంచి మహిళా హాట్‌లో జరుగుతోంది. మొదటి విడత పుస్తకాల ఖర్చు నాది. వచ్చే ఆదివారం పొద్దున్న అక్కడికి వెళ్దాం. పిల్లల్ని తీసుకురండి, ఏవి కొనాలో వాళ్లు చెబుతారు.