గోళ్ళ పని నేర్చుకునే చేతుల కోసం

(వెలుగోడులో బ్యూటీషియన్ శిక్షణ పొందుతున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇక్కడికి పిలిచినప్పుడు 'అసంఘటిత రంగంలో స్త్రీలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. కాగితాలు రాసి తెచ్చుకున్నాను కూడా. కానీ పొద్దున ఈ గదిలో అడుగు పెట్టగానే ముక్కుకు తగిలిన ఘాటు, బల్ల మీద పేరూ ఊరూ లేని ఆ సీసా చూశాక కాగితాలు సంచిలోనే ఉంచేశాను. మీలో ఒకమ్మాయి అడిగింది: "మేడం, ఆ వాసనకు నాకు తల తిరుగుతాంది. మాస్కు కట్టుకుంటే సరిపోతాదా?" సరిపోదమ్మా. ఎందుకు సరిపోదో, అక్రిలిక్ గోరు పెట్టే పని సరిగ్గా ఎలా చెయ్యాలో ఈ పూట మాట్లాడుకుందాం. పనిని సరిగ్గా నేర్పమని అడగడం కూడా హక్కే. దాన్ని మన సభల్లో ఎవరూ అంతగా ప్రస్తావించరు.

సోషియాలజీ చదివిన మనిషికి గోళ్ళ పనేం తెలుసని మీకు అనిపించవచ్చు. పార్లర్లలో పనిచేసే స్త్రీల గురించి తెలుసుకోవాలని హైదరాబాదులో ఒక శిక్షణ కేంద్రంలో నేనూ విద్యార్థినిగా చేరాను. నేను పెట్టిన మొదటి గోరు మూడోరోజుకే లేచిపోయింది. అక్కడ మాకు నేర్పినావిడ, లేచిన గోటి కింద ఇంకో ప్లాస్టిక్ ముక్క దూర్చి పెకలించమనేది. నా సొంత గోటి పై పొరలు దానితోపాటే ఊడివచ్చాయి. కొన్ని నెలలు ఆ వేలితో తెల్లగడ్డ ఒలవలేకపోయాను.

ఈ నేల మీద గోటికి ఒక చరిత్ర ఉంది. సంకర పత్తి విత్తనం గోటితోనే తయారవుతుందని మీ అమ్మలకు తెలుసు. 1970లో గుజరాత్‌లో హెచ్-4 అనే సంకర పత్తి వచ్చాక విత్తన పంట దక్షిణాదికి పాకింది. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పొలాలు దానికి పేరుపడ్డాయి. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గ మొదట్లో బొటనవేలి గోరు దించి, రేకులనూ కేసరాల గొట్టాన్నీ ఒలిచెయ్యాలి. కీలాగ్రం దెబ్బతినకూడదు. పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అన్నారు. మొక్క ఎత్తుకు సరిపోతారనీ, వేళ్ళు సన్నగా ఉంటాయనీ చెప్పి ఈ పనికి బడి వయసు ఆడపిల్లలను పెట్టారు. అసలు కారణం కూలి తక్కువ ఇవ్వొచ్చు, ముందే అడ్వాన్సు ఇచ్చి కట్టిపడెయ్యొచ్చు. మందు కొట్టిన చేలో నిలబడిన ఆ పిల్లల తలనొప్పుల గురించీ, వాంతుల గురించీ 2000 తర్వాత పరిశోధకులూ సంస్థలూ రాయబట్టి విత్తన కంపెనీలు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 'ఆడవాళ్ళ సన్నని వేళ్ళు' అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు భయం వేస్తుంది. కూలి తగ్గించే మాట అలాగే మొదలవుతుంది. బ్యూటీ పార్లరు ప్రకటనల్లో ఇప్పుడు అదే మాట కనిపిస్తోంది.

ఇంకో సంగతి. పెళ్ళిలో గోళ్ళు తియ్యడం మంగలి కులానికి కట్టబెట్టిన పని. పని చేసినవాళ్ళకు గింజలు కొలిచారు, అదే చేతిని మైల అన్నారు. ఇవాళ అదే పనికి సర్టిఫికెట్టు వచ్చింది, ఏసీ గది వచ్చింది, అన్ని కులాల ఆడపిల్లలూ నేర్చుకుంటున్నారు. మంచిదే. అయితే కులవృత్తిగా చేసినన్నాళ్ళూ దాన్ని నైపుణ్యం అనని సమాజం, ఫీజు కట్టి నేర్చుకుంటే మాత్రం ఎందుకు అంటోందో మీరే ఆలోచించండి.

సరే, పనిలోకి వద్దాం.

అక్రిలిక్ గోరంటే రెండు పదార్థాల కలయిక. సీసాలో ఉన్న ద్రవం మోనోమర్, డబ్బాలో ఉన్నది పొడి. రెండూ కలిసిన కొద్ది నిమిషాల్లో గట్టిపడతాయి, దీపం అక్కర్లేదు. దీపం కింద ఆరబెట్టేది జెల్, అది వేరే పని. పళ్ళ డాక్టర్లు వాడే పదార్థమే గోళ్ళ మీదికి వచ్చింది. 1950ల్లో అమెరికాలో ఒక దంతవైద్యుడు విరిగిన తన గోటికి దాన్ని అతికించుకోవడంతో ఇది మొదలైందని చెబుతారు. మొదట్లో వాడిన ద్రవం మిథైల్ మెథాక్రిలేట్, పొట్టిగా ఎమ్ఎమ్ఏ. గోళ్ళు పాడయ్యాయనీ, చర్మం పొక్కిందనీ ఫిర్యాదులు వచ్చి, 1970ల మొదట్లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ కోర్టుకు వెళ్ళి దాన్ని కట్టడి చేయించింది. ఇప్పుడు వాడవలసింది ఇథైల్ మెథాక్రిలేట్, ఈఎమ్ఏ. ఎమ్ఎమ్ఏ చవక, అందుకే పేరులేని సీసాల్లో ఇంకా తిరుగుతోంది. దాన్ని పోల్చుకోవడానికి మూడు గుర్తులున్నాయి: ముక్కుపుటాలు మండించే ఘాటు, ఫైలుకు లొంగని గట్టిదనం, ఎసిటోన్‌లో ఎంత నానబెట్టినా కరగకపోవడం. అది వంగదు. బిందె అంచుకు తగిలిందంటే కృత్రిమ గోరు నిలుస్తుంది, దాని కింద మీ సొంత గోరు చీలుతుంది.

గోరు పెట్టడంలో సగం పని ముందస్తు తయారీలోనే ఉంది. ఇద్దరూ చేతులు కడుక్కోవాలి, తుడుచుకుని పూర్తిగా ఆరనివ్వాలి. కస్టమరు వేలికి గోరుచుట్టు ఉన్నా, గోరు రంగు మారి ఉన్నా పని చెయ్యకూడదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు! నాటు వేసి బురదలో నానిన చేతులైతే మరీ జాగ్రత్తగా చూడండి. పాత రంగు తీసేసి, గోటి మొదట్లో ఉన్న చర్మాన్ని మెల్లగా వెనక్కి నెట్టి, గోటి మీద అంటుకున్న పలచని చచ్చిన పొరను గీకాలి. బతికున్న చర్మాన్ని కత్తిరించకండి. తర్వాత 180 నంబరు ఫైలుతో పైన మెరుపు పోయేదాకా మాత్రమే, గోరు పెరిగే దిక్కుగా రుద్దాలి. ఎంత రుద్దితే అంత పట్టు వస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గోరు పలచనైతే పట్టు పెరగదు, మంట పెరుగుతుంది. ధూళి దులిపి, తేమను లాగే డీహైడ్రేటర్ రాసి, ఆపైన ప్రైమరు ఒక్క చుక్క వెయ్యాలి. కొన్ని ప్రైమర్లలో ఆమ్లం ఉంటుంది, చర్మానికి తగిలితే కాలుతుంది. కొత్తవాళ్ళు ఆమ్లం లేనిదే వాడండి. ఇంత చేశాక ఆ గోటిని వేలితో తాకొద్దు, మీ వేలి జిడ్డు చాలు పని చెడిపోవడానికి.

పొడవు కావాలంటే టిప్పు అతికించాలి. గోటి ఈ పక్కనుంచి ఆ పక్కకు కచ్చితంగా సరిపోయే సైజు తీసుకోవాలి. చిన్నది బలవంతంగా అదిమితే రెండో రోజుకే నొప్పి. సొంత గోటిలో సగానికి మించి టిప్పు కప్పకూడదు. వాలుగా ఆనించి గాలి బుడగ లేకుండా మెల్లగా వంచి కొన్ని క్షణాలు పట్టుకోవాలి.

ఇక అసలు పరీక్ష పూస తియ్యడం. గాజు గిన్నెలో ద్రవం కొంచెమే పొయ్యండి. మిగిలితే తిరిగి సీసాలో పొయ్యకూడదు. కుంచె ముంచి, ఒక పక్క గిన్నె అంచుకు ఒత్తి, కొనను పొడిలో ఆనించి మెల్లగా లాగితే కొసకు పూస కడుతుంది. నిగనిగలాడుతూ గుండ్రంగా నిలవాలి, జారకూడదు, పిండిలా పొడిగా ఉండకూడదు. మన భాషలో చెప్పాలంటే బూరెల తోపులా ఉండాలి, దోసె పిండిలా కాదు. జారే పూసే ప్రమాదం. అందులో మిగిలిన ద్రవం గట్టిపడకుండా చర్మంలోకి దిగుతుంది. మొదటి పూస కొసన, రెండోది నడిమధ్య, మూడోది చిన్నది గోటి మొదట్లో వెయ్యాలి. మొదట్లో చర్మానికీ పూసకూ మధ్య ఒక వెంట్రుకంత ఖాళీ వదలండి. కుంచెతో రుద్దకండి, తట్టి సర్దండి. నడిమధ్య కాస్త ఎత్తు, అంచులు పలచగా రావాలి. కుంచె పిడితో తడితే టక్కుమని మోగినప్పుడు ఫైలు పట్టాలి. పూర్తిచేసి, నూనె రాసి పంపండి. రెండు మూడు వారాలకు పెరిగిన చోట పూరించాలని ముందే చెప్పండి. పక్క లేచిందంటే లోపల నీరు చేరి గోరు ఆకుపచ్చగా మారుతుంది. అది సూక్ష్మజీవి చేసే పని, పైన రంగు వేసి కప్పితే పోదు, తీసెయ్యాలి.

తియ్యడానికి ఎసిటోన్‌లో ముంచిన దూది చుట్టి, ఇరవై ముప్పై నిమిషాలు ఆగాలి. మెత్తబడినదాన్ని పుల్లతో నెట్టాలి. ఓపిక లేనివాళ్ళు ఈ పని మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. గుడ్డ మాస్కు గానీ, ధూళిని ఆపే ఎన్-95 గానీ ఆవిరిని ఆపలేదు. ఫైలు పట్టినప్పుడు లేచే పొడికి ఎన్-95 పనికొస్తుంది, అంతవరకే. ఆవిరి బయటికి పోవాలి. నెత్తిమీది ఫ్యాను దాన్ని గదంతా తిప్పుతుంది. బల్లను కిటికీ దగ్గరికి జరపండి, ఎగ్జాస్ట్ ఫ్యాను లేకపోతే టేబులు ఫ్యానును కిటికీ బయటికి ఊదేలా పెట్టండి. గిన్నె మీద మూత, తడిసిన దూదికి మూత ఉన్న డబ్బా. ఈ ద్రవమూ ఎసిటోనూ రెండూ భగ్గుమనేవే. ఇంట్లోనే పార్లరు పెట్టాలనుకునేవాళ్ళు వినండి: వంటగది పక్కన వద్దు. కరెంటు పోయిందని కొవ్వొత్తి వెలిగించి పని చెయ్యొద్దు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఎలర్జీ. తడి పూస మళ్ళీ మళ్ళీ వేళ్ళకు తగిలితే ఒకనాటికి శరీరం ఎదురు తిరుగుతుంది. వేలి కొసలు పగులుతాయి, కనురెప్పలు దురద పెట్టి వాస్తాయి. ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం పోదు. ఈ కుటుంబపు రసాయనాలే పంటి పూతల్లోనూ, ఎముకల ఆపరేషన్లో వాడే సిమెంటులోనూ ఉంటాయి కాబట్టి రేపు చికిత్సకూ ఇబ్బంది రావచ్చు. హైదరాబాదులో నేను మాట్లాడిన ఒకావిడ అప్పు చేసి ఈ పని నేర్చుకుంది, చేతులు పగిలి మానేసింది. అప్పు మాత్రం అలాగే ఉంది. నైట్రిల్ గ్లవ్సు వేసుకోండి, ద్రవం తగిలితే వెంటనే మార్చండి. పలచని గ్లవ్సులోంచి అది కొద్ది నిమిషాల్లోనే దిగుతుంది. నర్సులు, ఏఎన్ఎమ్‌లు వస్తే వద్దని చెప్పండి. రోగులను తాకేవాళ్ళు కృత్రిమ గోళ్ళు పెట్టుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది.

ఈ పనిచేసే స్త్రీలు బయటి దేశాల్లో ఊరుకోలేదు. 1975లో వియత్నాం నుంచి కాలిఫోర్నియా చేరిన శరణార్థి స్త్రీలకు టిప్పి హెడ్రెన్ అనే సినిమా నటి గోళ్ళ పని నేర్పించే ఏర్పాటు చేసింది. అక్కడినుంచి అది వాళ్ళ జీవనాధారమైంది. తలనొప్పులూ ఆయాసమూ గర్భస్రావాల భయమూ వాళ్ళతోనే పెరిగాయి. 2005లో కార్మికులూ ఆరోగ్య కార్యకర్తలూ కలిసి కాలిఫోర్నియాలో ఒక వేదిక కట్టుకున్నారు. 2015లో న్యూయార్క్ పార్లర్లలో కూలి దోపిడీ పత్రికలకెక్కాక అక్కడి ప్రభుత్వం గాలి మార్పిడి మీద నిబంధనలు తెచ్చింది.

మన దగ్గర 2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం సీసా మీద తయారీదారు పేరు, అందులో ఏముందో రాసి ఉండాలి. విదేశీ సరుకైతే రిజిస్ట్రేషన్ ఉండాలి. శిక్షణ ఇచ్చేవాళ్ళను ఆ సీసా చూపించమని అడగండి. అడిగితే సర్టిఫికెట్టు ఆపుతారని మీలో కొందరి భయం, నాకు తెలుసు. ఒక్కరు అడిగితే ఆపుతారేమో, పదిమంది కలిసి రాసిస్తే ఆపడం అంత సులువు కాదు. ఇ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోండి. పదిమంది లోపు పనిచేసే పార్లర్లో వేధింపు జరిగితే 2013 చట్టం కింద జిల్లాలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు.

ధర గురించి ఒక మాట. ఒక సెట్టుకు కొత్తవాళ్ళకు రెండు మూడు గంటలు పడుతుంది. ద్రవం, పొడి, టిప్పులు, గ్లవ్సు లెక్క వేసి, పైన మీ గంటల కూలి కలపండి. పొలం కూలికి లెక్క కట్టినట్టే కట్టండి. వెలుగోడులో రోజూ అక్రిలిక్ గోళ్ళు పెట్టించుకునేవాళ్ళు ఎందరుంటారు? సంగటి కెలికి, అంట్లు తోమే చేతులకు అవి నిలవవు. పెళ్ళిళ్ళ సీజన్లో నంద్యాల, ఆత్మకూరు నుంచి పిలుపు రావచ్చు. దీని ఒక్కదాని మీదే అప్పు తేవద్దని నా సలహా, మీకు నచ్చకపోయినా సరే.

ఇక చాలు. ముందు ఆ రెండు కిటికీలూ తెరవండి. ఆ సీసాను వెలుగులోకి తీసుకురండి, దాని మీద ఏం రాసి ఉందో అందరం కలిసి చదువుదాం. ఏమీ లేకపోతే మూత బిగించి పక్కన పెట్టి, ఇవాళ్టికి ఫైలు పట్టడం మాత్రమే నేర్చుకుందాం.