ఆఫ్రికా బాలల వాక్కు

1976 జూన్ 16వ తేదీన సొవేటో వీధులలో నేలకొరిగిన బాలల స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసమున, ఆఫ్రికా ఖండమున బిడ్డలు పెద్దల దయకు పాత్రులన్న స్థితి నుండి తమ మాట చెల్లించుకొనగల పౌరులన్న స్థితికి సాగించిన ప్రయాణమును విన్నవించెదను.

దక్షిణాఫ్రికాలో 1953 నాటి బంటూ విద్యాచట్టము నల్లజాతి బిడ్డలను శ్వేతజాతీయుల కొలువునకు తగినంత మాత్రమే చదివింప నిశ్చయించినది. అదియు చాలక, 1974లో గణితమును, సాంఘికశాస్త్రమును ఆఫ్రికాన్స్ భాషలో బోధింపవలెనని ఉత్తరువు వెలువడగా, పెక్కుమంది ఉపాధ్యాయులకే పట్టుబడని ఆ భాషలో, తమ్ము అణచు ప్రభుత్వము పలుకుగా తామెఱిగిన ఆ భాషలో, పాఠములు నేర్వజాలమని విద్యార్థులు మొఱపెట్టుకొనిరి. ఆలకించు నాథుడు లేకపోయెను. ఆనాడే ఒక అధికారి వారిని కూర్చుండబెట్టుకొని విని యుండిన యెడల ఊరేగింపు అవసరమే కలిగెడిది కాదని నా నమ్మకము. 1976 జూన్ 16న వేలకొలది బాలబాలికలు అట్టలపై నినాదములు వ్రాసికొని ఓర్లాండో క్రీడాప్రాంగణము దిక్కుగా నడచుచుండగా పోలీసులు కాల్పులు జరిపిరి. పండ్రెండేండ్ల హెక్టర్ పీటర్సన్, పదునైదేండ్ల హేస్టింగ్స్ ఎన్‌డ్లోవు అసువులు బాసిరి. హెక్టర్‌ను చేతులపై మోసికొనిపోవు యువకుని ప్రక్కన పరుగిడుచున్న సోదరి ముఖమును సామ్ ఎన్జిమా తీసిన ఛాయాచిత్రమున లోకమంతయు చూచినది. జూలైలో ఉత్తరువు రద్దయినది. పాఠము ఏ భాషలో చెప్పవలెనన్న విషయమున బిడ్డల మాట నెగ్గుటకు ఇంత రక్తము ధారవోయవలసి వచ్చుట నేటికిని దుస్సహము.

1990 జూలై 11న అడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతాసంస్థ బాలల హక్కుల, సంక్షేమముల అధికారపత్రమును ఆమోదించెను. మరుసటి యేటి నుండి జూన్ 16 ఆఫ్రికా బాలల దినమైనది. అధికారపత్రము అమలునకు వలసిన పదునైదు రాజ్యముల సమ్మతి సమకూడుటకు మాత్రము 1999 నవంబరు దాక పట్టినది. బిడ్డకు సంబంధించిన న్యాయవిచారణలలో, స్వాభిప్రాయము తెలుపగల బిడ్డ మాటను నేరుగా గాని, నిష్పాక్షికుడైన ప్రతినిధి ద్వారా గాని వినవలెనని దాని నాల్గవ అధికరణము శాసించుచున్నది. ముప్పదియొకటవ అధికరణము కుటుంబముపట్ల, సమాజముపట్ల బిడ్డకు బాధ్యతలను గూడ చెప్పుచున్నది. ఇది పెద్దల పెత్తనమునకు ఊతమగునని శంకించువారు కలరు; బాధ్యత నప్పగించినవానిని సభ నుండి వెలివేయరాదు గనుక, నేను దానిని బిడ్డ గౌరవమునకు ఆధారముగనే భావింతును.

వాక్కునకును సంక్షేమమునకును గల బంధమును దక్షిణాఫ్రికా బాలుడు ఎన్‌కోసి జాన్సన్ జీవితము కన్న స్పష్టముగా చూపునది నాకు కనబడలేదు. తల్లి గర్భముననే హెచ్.ఐ.వి. సోకిన ఈ బాలుని, బడిలో చేర్చుకొనుటకు 1997లో అభ్యంతరములు లేచెను. ఆ యేడే తల్లి మరణించెను. 2000 జూలైలో డర్బన్ నగరమున జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభ ప్రారంభమున, ప్రపంచ వైద్యులును పాలకులును వినుచుండగా, పదునొకండేండ్ల యీ పసివాడు, రోగము బిడ్డలకు సంక్రమింపకుండుటకై హెచ్.ఐ.వి. గల గర్భవతులకు ఔషధమిమ్మని తన దేశ ప్రభుత్వమును అడిగెను. మరుసటి జూన్ 1న కన్నుమూసెను. ఉద్యమకారులు వ్యాజ్యమాడగా, 2002 జూలైలో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానము అట్టి తల్లులకు నెవిరాపిన్ అను ఔషధమును అందుబాటులోనికి తేవలెనని ఆదేశించెను.

అధికారపత్రము ననుసరించి ఏర్పడిన నిపుణుల సంఘమునకు ఏ వ్యక్తియైనను మొఱ వినిపింపవచ్చును. బ్రిటిష్ వారు సైనికులుగా సూడాను నుండి తెచ్చిన న్యూబియనుల సంతతి, తరతరములుగా కెన్యాలో నివసించియు జన్మతః పౌరసత్వము నెఱుగకుండగా, 2011లో ఆ సంఘము తన మొదటి నిర్ణయమున ఆ బిడ్డల పక్షము వహించినది. జింబాబ్వేలో పసితనముననే కాపురమునకు పంపబడి తల్లులైన యిద్దఱు యువతులు వేసిన వ్యాజ్యముపై, 2016 జనవరి 20న రాజ్యాంగ న్యాయస్థానము పదునెనిమిదేండ్లు నిండనివారి వివాహమును నిషేధించెను. తమ బాల్యము తిరిగిరాదని ఎఱిగియే వారు తమ వెనుకటి చెల్లెండ్ర కొఱకు న్యాయస్థానమును ఆశ్రయించిరి.