మనమెక్కడి స్థానికులము?

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



పిల్లల నృత్యమునకును నాటకమునకును నడుమ ఇరువది నిమిషముల కాలము నాకు దయచేసిన కార్యదర్శిగారికి కృతజ్ఞుడను. తెలుగు భాషామాధుర్యమును గూర్చి మాటలాడుమని వారు కోరిరి. ఆ విషయమును నాకంటె బాగుగ చెప్పగలవారు ఈ సభలో ననేకులు కలరు. నేను బి.ఏ. చదివినవాడనే యైనను, ఇరువది యేండ్లుగా దస్త్రములలో నోట్ వ్రాయుటయే నా సాహిత్య వ్యాసంగము. కావున దస్త్రమువంటి యొక చిన్న ప్రశ్ననే తమ ముందుంచుచున్నాను. ఆ ప్రశ్న నాది కాదు, మా అమ్మాయిది.

ఆమె పండ్రెండవ తరగతి ముగించి వైద్యవిద్యకు దరఖాస్తులు నింపుచుండెను. ఒక గడిలో "స్థానిక ప్రాంతము" అని యున్నది. "నాన్నా, ఇక్కడ తాతగారి ఊరు వ్రాయవచ్చునా?" అని యడిగినది. వ్రాయరాదంటిని. "పోనీ, మీరు పుట్టిన ఊరు?" అదియును కాదంటిని. "అమ్మ చదివిన హైదరాబాదు?" దానికిని తల యడ్డముగ నూపితిని. "మరి నేనెక్కడి లోకల్‌ని?" అని నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. నాటి రాత్రి నేను ఆలోచించిన విషయమే ఈనాటి ఉపన్యాసము.

ఆ గడి ఒక గుమాస్తా చేతిలో పుట్టినది కాదు. దాని వెనుక నూరేండ్ల చరిత్ర కలదు. 1919లో నిజాము ఫర్మానా వలన హైదరాబాదు సంస్థానమునందు ముల్కీ నిబంధన బలపడినది. ముల్కీ యనగా ఆ దేశపువాడు. పదునైదేండ్లు నివసించినవాడు ముల్కీ యగును. బయటినుండి వచ్చిన విద్యాధికులు ఉద్యోగములన్నియు దక్కించుకొందురను భయము ఆ నిబంధనకు మూలము. ఆ భయము నిరాధారమైనది కాదు. పాఠశాలలు తక్కువగానున్న ప్రాంతమువాడు, పాఠశాలలు ఎక్కువగానున్న ప్రాంతమువానితో పరీక్షకు కూర్చున్నచో ఫలితమేమగునో మనమందర మెరుగుదుము.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగము చేసిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. తరువాత ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కరుగార్ల సంఘము 1955లో నివేదిక నొసగినది. హైదరాబాదు రాష్ట్రమును ప్రస్తుతమునకు విడిగానుంచి, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతులవారు కోరినచో ఆంధ్రతో కలుపవచ్చునని వారు సూచించిరి. భాష ఒక్కటైనంత మాత్రమున అనుమానములు తొలగిపోవని ఆ పెద్దలకు తెలియును. అయినను 1956 ఫిబ్రవరి 20న ఈ ఢిల్లీ నగరమునందే ఉభయప్రాంతముల నాయకులు పెద్దమనుషుల ఒప్పందమునకు వచ్చిరి. నవంబరు 1న ఆంధ్రప్రదేశ మవతరించినది.

ఇప్పుడు రాజ్యాంగమువైపు చూతము. అమెరికాలో పౌరునకు దేశమునకొకటియు, రాష్ట్రమునకొకటియు రెండు పౌరసత్వములు కలవు. మన రాజ్యాంగకర్తలు ఆ మార్గమును గైకొనలేదు. మనకున్నది ఒకే పౌరసత్వము. 16వ అధికరణము ప్రకారము జన్మస్థలమునుబట్టి గాని నివాసమునుబట్టి గాని ప్రభుత్వోద్యోగమున వివక్ష చూపరాదు. ఐతే ఆ అధికరణములోనే మూడవ ఖండము నివాసనియమము పెట్టు అధికారమును పార్లమెంటుకు మాత్రమే ఇచ్చినది. మా కార్యాలయపు భాషలో చెప్పవలెనన్న, ఉత్తర్వు స్పష్టముగనే యున్నది. సడలింపు అధికారము మాత్రము పై యధికారి చేత నున్నది.

ఆ అధికారముతో పార్లమెంటు 1957లో చేసిన శాసనమునందు తెలంగాణమునకు వర్తించిన భాగమును 1969లో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసినది. ఆ సంవత్సరమే తెలంగాణమునందు గొప్ప ఆందోళనము చెలరేగినది. 1972 అక్టోబరులో అదే న్యాయస్థానము పాత ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పినది. ఈసారి కోస్తాయందును రాయలసీమయందును జై ఆంధ్ర ఉద్యమము లేచినది. ఒక తీర్పుకు ఒక ప్రాంతము, మరియొక తీర్పుకు మరియొక ప్రాంతము మండిపోయినవి. రెండు చోట్లను బలియైనవారిలో పలువురు మన పిల్లల వయసువారే. ఆ మాట మనము మరువరాదు.

1973 సెప్టెంబరున ఆరు సూత్రముల పథకము వచ్చినది. ముల్కీ నిబంధనలు రద్దైనవి. 32వ సవరణ ద్వారా 371-డి అధికరణము రాజ్యాంగమున చేరినది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రమును ఆరు జోనులుగ విభజించి, ఉద్యోగములలో స్థానికులకు వాటాలు నిర్ణయించినది. అంతకు ముందే వచ్చిన 1974 నాటి ఉత్తర్వు విద్యాసంస్థలలో నూటికి 85 సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయించినది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము సైతము ఆ పథకపు సంతానమే.

ఇచ్చట నొక విశేషమును గమనింపుడు. ఈ ఉత్తర్వులు మాతృభాషను అడుగవు. తాతతండ్రుల గ్రామమును అడుగవు. ఎక్కడ చదివితివి, ఎంతకాలముంటివి అనియే ప్రధానముగ నడుగును. బీహారునుండి వచ్చి వరంగల్లులో స్థిరపడిన రాజమేస్త్రి కుమారుడు అచ్చటనే వరుసగా నాలుగేండ్లు చదివి పరీక్ష వ్రాసినచో స్థానికుడగును. ఢిల్లీలో పెరిగిన నా కుమార్తె, ఇంటిలో స్వచ్ఛమైన తెలుగు మాటలాడునదైనను, స్థానికురాలు కాదు. మొదట విన్నప్పుడు ఇది నాకు అన్యాయముగ తోచినది. ఆలోచించినకొలది అందొక న్యాయము కనబడుచున్నది. ఆ మేస్త్రి కుమారుడు చదివిన పాఠశాలలో ఉపాధ్యాయుల కొరత యున్నచో దాని ఫలమును వాడే యనుభవించినాడు. నా బిడ్డ అనుభవింపలేదు. వెనుకబాటునకు పరిహారము, ఆ వెనుకబాటును మోసినవానికే కదా చెందవలెను!

2014 జూన్ 2న తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైనది. 371-డి రెండు రాష్ట్రములకును వర్తించునట్లు శాసనమునందు ఏర్పాటు చేసిరి. విద్యాసంస్థలలో అప్పటి ప్రవేశపు వాటాలు పదేండ్లకు మించని కాలము కొనసాగునట్లు నిర్ణయించిరి. తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశమునకు తరలిపోవువారిని అచ్చట స్థానికులుగ పరిగణించుటకు 2016లో రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి, పిమ్మట ఆ గడువును పొడిగించిరి. తెలంగాణమునకు 2018లో క్రొత్త ఉత్తర్వు వచ్చి ఏడు జోనులును రెండు బహుళ జోనులును ఏర్పడినవి. పదేండ్ల గడువు తీరిన 2024లో వైద్య ప్రవేశములకు తొమ్మిదవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు రాష్ట్రమునందే చదువవలెనను నియమమును తెలంగాణము పెట్టగా, 2025 సెప్టెంబరున సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. ఉద్యోగరీత్యా బయట నుండవలసిన కొన్ని వర్గములవారి పిల్లలకు మినహాయింపు కలిగినదికాని, కేంద్ర సచివాలయమున పనిచేయు సామాన్యోద్యోగికి అది చాలునని చెప్పజాలను.

ఇంతవరకు చెప్పినది మన ఫిర్యాదు. ఇక మనము చెప్పుకొనని రెండవ పక్షమును వినుడు.

మా అమ్మాయికి తెలుగునేలపై స్థానికత దొరకలేదు. కాని ఢిల్లీ ప్రభుత్వపు ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయములో నూటికి 85 సీట్లు ఢిల్లీలో చదివినవారికి ప్రత్యేకింపబడియున్నవి. అచ్చటను ఎనుబదియైదే! ఆ వాటాలోనే ఆమెకు ఫిజియోథెరపీలో సీటు లభించినది. ఆమె పేరు చూచి మద్రాసీ యని యెవరును త్రోసివేయలేదు. ఏ సూత్రము అక్కడ తలుపు మూసినదో, ఆ సూత్రమే ఇక్కడ తలుపు తెరచినది. యమున దాటి నోయిడాలో ఇల్లు కొని కుమారుని అచ్చటి పాఠశాలలో చేర్చిన నా మిత్రునకు ఆ భాగ్యము లేకపోయినది. రాజధాని ప్రాంతమని పేరొక్కటే. మెట్రో రైలు సరిహద్దును ఎరుగదు, దరఖాస్తు మాత్రమెరుగును.

అప్పుడు నాకు సిగ్గు కలిగినది. ఢిల్లీ నా బిడ్డను తనదానినిగా లెక్కించినది. నేను ఢిల్లీని నాదిగా ఎప్పుడైన లెక్కించితినా? ఇరువది యేండ్లలో నగరపాలక సంస్థ ఎన్నికలలో నేను ఓటు వేసినది లేదు. నా పేరు చిరకాలము మా ఊరి జాబితాలోనే యుండెను. 2022లో మూడు నగరపాలక సంస్థలను మరల ఒక్కటి చేసి 250 వార్డులకు ఎన్నికలు జరిపిరి. మా వార్డు సభ్యుని పేరడిగిన చెప్పలేకపోతిని. మా ఊరి సర్పంచిని గూర్చి మాత్రము గంటసేపు చెప్పగలను. కాలువ పూడినచో నగరమును తిట్టుదుము. ఆ కాలువ ఎవరి పరిధిలోనిదో విచారింపము. ధర్మసత్రమున దిగిన బాటసారివలె మనము బ్రదుకుచున్నాము.

అధికార వికేంద్రీకరణమని మనము ప్రతిదినము వ్రాయుచున్నాము. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము సూచింపగా, 1959లో పంచాయతీరాజ్యమును రాజస్థానము వెన్వెంటనే చేపట్టినది మన ఆంధ్రప్రదేశమే. 1992లో 73, 74 సవరణలు గ్రామమునకును నగరమునకును రాజ్యాంగస్థానము కల్పించినవి. అధికారము క్రిందికి దిగినకొలది, "ఇక్కడివారెవరు?" అను ప్రశ్న ప్రతి మెట్టుమీదను పుట్టకతప్పదు. దానికి రక్తమును బట్టి సమాధానము చెప్పినచో దేశము ముక్కలగును. నివాసమును బట్టి, శ్రమను బట్టి, బాధ్యతను బట్టి చెప్పినచో దేశము నిలుచును. నా నమ్మకమిది.

పి.వి. నరసింహారావుగారి జీవితమును స్మరింపుడు. ముల్కీ వివాదపు మంటలలోనే 1973 జనవరిలో వారి ముఖ్యమంత్రిత్వము ముగిసినది. తెలంగాణమున పుట్టిన ఆయనను తరువాత మహారాష్ట్రములోని రాంటెక్ లోకసభకు పంపినది. 1991లో రాయలసీమలోని నంద్యాల పంపినది. 1996లో ఒరిస్సాలోని బరంపురము ఎన్నుకొన్నది. ఒక్క మనిషి ప్రాంతీయతకు గాయపడెను. ఒకే పౌరసత్వము వలన ప్రధానమంత్రియునయ్యెను. ఈ రెండును మన చరిత్రయే.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1948లో ఢిల్లీలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించిరి. రాజ్యాంగసభలో సభ్యురాలుగా దేశమునకంతకు పనిచేయుచునే, ఇచ్చటి తెలుగు పిల్లలకు బడి కావలెనని ఆమె తలచిరి. ఆ బడులలో నేడు తెలుగువారేకాక ఇతర భాషలవారి పిల్లలును చదువుచున్నారు. మన భాషను కాపాడుకొనుటయు, ఉన్నచోటికి ఉపకరించుటయు ఒకే పనియని చూపుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఊరక ఉపన్యసించి కూర్చుండుట నాకిష్టము లేదు. మూడు పనులు విన్నవింతును. మొదటిది, స్వరాష్ట్రమున పిల్లలను చదివింపదలచినవారు ఎనిమిదవ తరగతిలోనే నిర్ణయము చేసికొనవలెను. పండ్రెండవ తరగతి ముగిసిన పిదప ఏడ్చి ప్రయోజనము లేదు. మన సంఘము ఏటేట ఈ నిబంధనలను తెలిసికొని సభ్యులకు తెలుపవలెను. రెండవది, బదిలీ ఉద్యోగుల పిల్లల కష్టమును ఉభయరాష్ట్ర ప్రభుత్వములకును మర్యాదగా మహజరు ద్వారా నివేదింపవలెను. స్థానికుల 85 లో భాగమడుగుట ధర్మము కాదు. మిగిలిన వాటాలో కొలదిపాటి అవకాశ మడుగుట తప్పు కాదు. మూడవది, మన ఓటు మనమున్న వార్డునకు మార్చుకొనవలెను. ఈ మూడవపని నేను నిరుడు చేసితిని. ఒక దరఖాస్తుతో ముగిసినది. వాయిదా వేసినకాలము మాత్రము ఇరువది యేండ్లు.

2014లో మన సంఘమును గూడ రెండుగ చీల్చవలెనను మాట వచ్చినదని పెద్దలెరుగుదురు. ఆనాడు మన వృద్ధసభ్యులొకరు లేచి, "రాష్ట్రములు రెండైనవి, సరే, మన రిహార్సలు గది ఒక్కటే కదా!" అనిరి. సభ నవ్వినది, తీర్మానము వీగిపోయినది. 2024లో ఆంధ్రభవనపు ఆస్తి రెండు రాష్ట్రముల మధ్య పంపకమైనది. అయినను అచ్చటి భోజనశాల వరుసలో నిలుచున్నవానిని "నీదే జోను?" అని యెవరును అడుగరు. పప్పు, గోంగూర యందరి విస్తరిలోను వడ్డింపబడును.

మా అమ్మాయి ప్రశ్నకు సమాధానము చెప్పి సెలవు తీసికొందును. అమ్మా, నీ భాష తెలుగు. దానిని నీకిచ్చినది నీ తల్లి. నీ దేశము భారతము. దానిని నీకిచ్చినది రాజ్యాంగము. నీ స్థానము మాత్రము నీకెవరును ఇచ్చునది కాదు. నీవెక్కడ నిలిచి నలుగురికి పనికివత్తువో అక్కడిదానవే నీవు. ఈ మాట ఆమెకు చెప్పినప్పుడు, "దరఖాస్తులో ఇది వ్రాయుటకు గడి చాలదు నాన్నా" అన్నది. నిజమే. గడిలో పట్టకపోయినను, మన నడవడిలో పట్టిన చాలును.

 నాటకమువారు తెరవెనుక తొందరపడుచున్నారు; ఇక నేను తప్పుకొందును.