సుద్దనేలపై పూలబయలు



ఇంగ్లండు దక్షిణభాగమున సస్సెక్సు, డార్సెట్ మొదలగు సీమలలో సుద్దకొండలు కలవు. అచ్చటి పైమన్ను పలుచన, సున్నము హెచ్చు, సారము తక్కువ. వాననీరు నిలువక లోనికింకిపోవును. అట్టి నేల ఎందులకును పనికిరానిదని తోచవచ్చును. కాని తరతరములుగా గొఱ్ఱెలు మేసిన ఆ బయళ్లలో, ఒక్క చదరపు మీటరునందే 40 జాతుల వరకు మొక్కలు కానవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున తిండిగింజలకై పచ్చికబయళ్లను దున్నిరి. పిదప రసాయనికపుటెరువులు వచ్చినవి. 1930 దశకము మొదలు 1984 నాటికి ఇంగ్లండు, వేల్సులలోని పూలబయళ్లలో సుమారు 97 శాతము నశించెను. ఎరువు తగిలిన గడ్డి ఏపుగా పెరిగి, చిన్నమొక్కలకు వెలుతురు అందనీయదు. సారమే పూలకు శత్రువైనది.

కనుక పూలబయలు నెలకొల్పువారు ఎరువు వేయరాదు. బలిసిన పైమన్ను ఉన్నచో తొలగింపవలెను. కలుపు తీసి, నేలను చదును చేసి, ఆగస్టు చివర మొదలు అక్టోబరు లోపల విత్తుట మేలు. చదరపు మీటరునకు 4 గ్రాముల విత్తనము చాలును. అది మిక్కిలి సన్నము గనుక ఇసుకతో కలిపి చల్లుదురు. పైన మన్ను కప్పక, కాళ్లతో త్రొక్కి అదుముదురు.

మొదటి యేడు పూలు అరుదు. మొక్కలు వేరూనుకొను కాలమది. ఆ యేడు పెరిగిన పచ్చికను పలుమార్లు కోయవలెను. తరువాత ఏటికొకసారి, జూలై చివరనో ఆగస్టులోనో కోసి, గింజలు రాలుటకు కొన్నిదినములు ఆరనిచ్చి, పిదప ఆ గడ్డిని ఎత్తివేయవలెను. అచ్చటనే వదలినచో అది క్రుళ్లి ఎరువగును.

మన పొగాకు రైతునకు పంటవేళ్లను పీల్చు 'మల్లె' అను కలుపు చిరపరిచితము. దాని కుటుంబమునకే చెందిన 'ఎల్లో రాటిల్' అను మొక్క గడ్డివేళ్లనుండి ఆహారమును గ్రహించి, గడ్డిబలమును తగ్గించి, పూలకు చోటిచ్చును. దాని గింజలు చలికాలము గడచిన గాని మొలవవు. పొగాకుచేనికి హాని చేయు గుణమే పూలబయలునకు మేలైనది.

డార్సెట్‌లో 2011లో వేమత్ పట్టణమునకు క్రొత్తబాట వేసిరి. బాటప్రక్కల మంచిమన్ను పోసి గడ్డి పెంచుట వాడుక. ఇచ్చట అట్లు చేయక, సుద్దపై మిక్కిలి పలుచగా మన్ను పఱచి పూలవిత్తనములు చల్లిరి. 'కిడ్నీ వెచ్' అను పసుపుపూల మొక్క పెరిగెను. దానిపైననే బ్రతుకు చిన్న నీలిసీతాకోకచిలుక వచ్చి చేరెను. కొన్నియేండ్లలో అచ్చట 30 జాతుల సీతాకోకచిలుకలు కనబడినవి. బ్రిటను మొత్తముమీద ఉన్నవి 60కి లోపే. గడ్డి కోయు వ్యయమును తగ్గెను.

మంచిమన్నునకై ధనము వెచ్చించి, దానిపై పెరిగిన గడ్డిని ఏటేట కోయుటకు మఱల వెచ్చించుట ఏ ప్రభుత్వశాఖలోనైనను జరుగవచ్చును. అంచనాలు వ్రాయువారు నేలగుణమును ముందుగా విచారించినచో ప్రజాధనమును మిగులును, పూలును పూయును.