చేతులు మారే చోట



బొంతపల్లి నుంచి నర్సాపూర్ రోడ్డెక్కి హైదరాబాద్ వైపు వెళ్తే దారిలో దుండిగల్ వస్తుంది. దుండిగల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది వైమానిక దళ అకాడమీ. అక్కడే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటికల్ ఇంజనీరింగ్ అనే కళాశాల కూడా ఉంది. 2010 జులై 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ15 రాకెట్ లేచినప్పుడు ఆ కళాశాల విద్యార్థుల చెయ్యి పడిన వస్తువు ఒకటి అందులో ఉంది. దాని పేరు స్టూడ్‌శాట్. పొడవు, వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు 13.5 సెంటీమీటర్లు, బరువు కిలో లోపే. వంటింట్లో పప్పు పోసుకునే డబ్బా అంత ఉంటుంది. మన దేశంలో విద్యార్థులు కట్టిన మొదటి పికో ఉపగ్రహం అదే.

ఆ డబ్బాతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ప్రాజెక్టుల్లో ముప్పు గురించి ఉపన్యాసమంటే తెర మీద ఎరుపు, పసుపు, పచ్చ గళ్ల పట్టిక పడుతుందని అందరూ అనుకుంటారు. రిస్క్ రిజిస్టర్ అనే ఆ పట్టిక లేకుండా ఈ రోజుల్లో ఏ ప్లాంటూ నడవదు, నడవకూడదు కూడా. అయితే ప్రతి ముప్పూ ఒక గడిలో కుదురుగా కూర్చున్నట్టు ఆ పట్టిక చూపిస్తుంది. విద్యార్థుల ఉపగ్రహాల కథలు చదివిన కొద్దీ ముప్పు ఎక్కువగా కనబడేది గడికీ గడికీ మధ్య ఉన్న గీత మీద. పని ఒక చేతిలోంచి మరో చేతిలోకి వెళ్లే చోట.

స్టూడ్‌శాట్‌కు బీజం 2007లో పడింది. ఆ ఏడాది హైదరాబాద్‌లో అంతర్జాతీయ వ్యోమయాన మహాసభ జరిగింది. దానికి వెళ్లిన నలుగురు విద్యార్థులకు మనమూ ఒక ఉపగ్రహం ఎందుకు కట్టకూడదన్న ఆలోచన పుట్టింది. ఇస్రో దారి చూపింది. బెంగళూరు కళాశాలలు నాలుగు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని హైదరాబాద్ చుట్టుపక్కల కళాశాలలు మూడు ఒక్కటయ్యాయి. మనవైపు నుంచి గండిపేటలోని చైతన్య భారతి, దేశ్‌ముఖిలోని విజ్ఞాన్, దుండిగల్ కళాశాల చేరాయి. నాయకత్వం బెంగళూరులోని నిట్టె మీనాక్షి కళాశాలది. మొత్తం 35 మంది విద్యార్థులు, అందరూ డిగ్రీ పూర్తికాని పిల్లలే.

ఏడు కళాశాలలంటే ఏడు టైమ్‌టేబుళ్లు, ఏడు పరీక్షల క్యాలెండర్లు. ఉపగ్రహానికి కెమెరా కావాలి, సోలార్ పలకలూ బ్యాటరీ కావాలి, రేడియో కావాలి, అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ కావాలి, ఇవన్నీ ఇమిడే చట్రం కావాలి. ఇలాంటి పనిలో ఎవరి బల్ల మీద వాళ్ల భాగం చక్కగా పనిచేస్తుంది. తిప్పలు మొదలయ్యేది అన్నీ ఒకే డబ్బాలో పెట్టిన రోజున. రేడియో సంకేతం పంపే క్షణంలో బ్యాటరీ వోల్టేజి పడిపోవచ్చు. ఒకరు బిగించిన మర మరొకరి తీగకు అడ్డం రావచ్చు. ఒక్కొక్కరూ తమ భాగం పది గ్రాములే కదా పెరిగిందనుకుంటే అందరివీ కలిసి పరిమితి దాటేస్తుంది. అందుకే ఈ రంగంలో ఇంటర్‌ఫేస్ కంట్రోల్ డాక్యుమెంట్ అని ఒక పుస్తకం రాసుకుంటారు. నా భాగం నీ భాగానికి ఏ పిన్ను మీద, ఎంత వోల్టేజి, ఏ కొలమానంలో ఇస్తుందో అందులో ఉంటుంది. చదవడానికి అంతకన్నా నీరసమైన పుస్తకం ఉండదు. ఉపగ్రహాన్ని కాపాడేది మాత్రం అదే.

ఇలాంటి పొరబాటు పెద్దవాళ్లకూ తప్పలేదు. 1999 సెప్టెంబర్ 23న నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా వెళ్లి నాశనమైంది. నౌకను తయారుచేసిన సంస్థ సాఫ్ట్‌వేర్ ఒక లెక్కను పౌండ్లలో ఇచ్చింది, దారి లెక్కగట్టే బృందం దాన్ని న్యూటన్లనుకుంది. ఇరువైపులా ఆరితేరిన ఇంజనీర్లే. ఎవరి లెక్క వారి గదిలో సరిగానే ఉంది. తలుపు దాటేటప్పుడు తప్పింది.

విద్యార్థుల ప్రాజెక్టుకు మాత్రమే ఉన్న మరో ముప్పు అందరూ వెళ్లిపోవడం. కంపెనీలో మంచి ఇంజనీరు రాజీనామా చేస్తే అనుకోని దెబ్బ అంటారు. కళాశాలలో అందరూ వెళ్లిపోతారని మొదటి రోజే తెలుసు, ఏ ఏడాది వెళ్తారో కూడా తెలుసు. ఐఐటీ బొంబాయి విద్యార్థుల ప్రథమ్ ఉపగ్రహం దీనికి గొప్ప ఉదాహరణ. సుమారు 10 కిలోల బరువు. అయనోస్ఫియర్‌లో ఎలక్ట్రాన్లను లెక్కించడం దాని పని. 2007లో మొదలైంది, 2009లో ఇస్రోతో ఒప్పందం కుదిరింది. ఎగిరింది 2016 సెప్టెంబర్ 26న, పీఎస్‌ఎల్‌వీ-సీ35 మీద. తొమ్మిదేళ్లు! మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడో పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. బ్యాచ్ తర్వాత బ్యాచ్ వచ్చింది, పోయింది. ఆ ఉపగ్రహం నిలిచిందంటే ఒక బ్యాచ్ తెలుసుకున్నది తర్వాతి బ్యాచ్‌కు చేరింది కాబట్టే.

అలా చేర్చడం చెప్పినంత తేలిక కాదు. సర్క్యూట్ బొమ్మ గీసిపెట్టి పోవడం సులువు. ఆ చోట ఆ రెసిస్టర్ ఎందుకు వేశామో, అంతకుముందు వేసిన రెండు ఎందుకు కాలిపోయాయో రాసిపెట్టడం కష్టం, ఎందుకంటే అది ఓడిపోయిన కథ. ఎవరూ రాయాలనుకోరు. కానీ కొత్తగా వచ్చిన రెండో సంవత్సరం అబ్బాయికి కావలసింది ఆ కథే. అది లేకపోతే అతను అదే రెసిస్టర్‌ను మళ్లీ కాలుస్తాడు, అదే ఆరునెలలు మళ్లీ పోతాయి. ప్రాజెక్టు వైవాకు తీసుకొచ్చే రికార్డుల్లో ఫలితాల అధ్యాయం నిండుగా ఉండి, విఫలమైన ప్రయత్నాల పేజీ ఒక్కటీ లేకపోతే గురువులు ఆ రికార్డును వెనక్కి పంపాలి.

మళ్లీ స్టూడ్‌శాట్ దగ్గరికి వద్దాం. పీఎస్‌ఎల్‌వీ-సీ15 మొదట 2010 మే 9న ఎగరాల్సింది. సన్నద్ధత సమీక్షలో రాకెట్ రెండో దశలో ఒత్తిడి స్వల్పంగా తగ్గినట్టు కనిపించింది. ప్రయోగం రెండు నెలలు వాయిదా పడింది. ఆ రాకెట్‌లో అసలు ప్రయాణికుడు 694 కిలోల కార్టోశాట్-2బి. కిలో లోపు బరువున్న విద్యార్థుల డబ్బాకు ఆ నిర్ణయంలో మాట లేదు, ఉండకూడదు. చెయ్యగలిగింది ఒక్కటే, ఎప్పుడు పిలిచినా సిద్ధంగా ఉండడం. జులై 12న ప్రయోగం జరిగిన రోజే ఆ డబ్బా నుంచి నేలకు సంకేతం అందింది. ఒత్తిడిలో ‘స్వల్పమైన’ తగ్గుదలను చూసి ఆగిన పెద్దల నిర్ణయం ఆ పిల్లలకు తరగతి గదిలో దొరకని పాఠం.

సిద్ధంగా ఉన్నా కలిసిరాని రోజులుంటాయి. 2022 ఆగస్టు 7న ఇస్రో కొత్త రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటిసారి ఎగిరింది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు చేయి కలిపిన ఆజాదీశాట్ అందులో ఉంది. రెండో దశ విడిపోయే క్షణంలో కొద్దిసేపు వచ్చిన అదురుకు కొలత సెన్సర్లు తడబడ్డాయి. సెన్సర్లు పాడయ్యాయని కంప్యూటర్ నిర్ణయించి వేరే పద్ధతికి మారింది. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యలో ఉండాల్సిన ఆజాదీశాట్ ఒకవైపు 76 కిలోమీటర్ల దాకా దిగే కక్ష్యలో పడి పనికిరాకుండా పోయింది. ఇక్కడా తప్పు జరిగింది ఒక దశ మరో దశకు పని అప్పగించే చోటే. ఆ పిల్లల ఉపగ్రహం తన తప్పేమీ లేకుండానే పోయింది. లెక్క సరిచేసుకుని 2023 ఫిబ్రవరి 10న ఎగిరిన రెండో ఎస్‌ఎస్‌ఎల్‌వీ ఆజాదీశాట్-2ను సరైన కక్ష్యలో పెట్టింది. మధ్యలో ఆరు నెలలు. రెండో ఉపగ్రహం అంత త్వరగా వచ్చిందంటే మొదటిదానితో పాటు నేర్చుకున్నది పోలేదన్నమాట.

ఇక ఉపగ్రహాల నుంచి నేల మీదికి, ఈ బొంతపల్లి పారిశ్రామిక వాడకు రావాలి. దానికి దారి ఉత్తర సముద్రం మీదుగా ఉంది.

1988 జులై 6న స్కాట్లండ్ తీరానికి దూరంగా ఉన్న పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక కాలిపోయింది. 167 మంది చనిపోయారు. పగటి షిఫ్ట్ ఒక పంపును మరమ్మతుకు ఆపింది. దాని సేఫ్టీ వాల్వును విప్పి, ఆ చోట లీకు ఆపేంత గట్టిగా బిగించని మూత పెట్టింది. వాల్వుకో వర్క్ పర్మిట్, పంపు మరమ్మతుకో వర్క్ పర్మిట్, రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. రాత్రి షిఫ్ట్‌కు వాల్వు సంగతి తెలియలేదు. 10 గంటలకు కాస్త ముందు రెండో పంపు ఆగిపోయింది. మొదటి పంపు వాడుకోవచ్చనుకుని మీట నొక్కారు. అంతే. తర్వాత విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 106 సిఫార్సులు చేశారు. ప్రాసెస్ ప్లాంట్ భద్రత చదివే విద్యార్థులు ఇప్పటికీ ఆ నివేదికను చదువుతారు. నిజానికి ఆ రాత్రి కావలసింది పగటివాళ్లు రాత్రివాళ్లకు చెప్పాల్సిన ఒక్క వాక్యం.

బొంతపల్లి, గడ్డపోతారం, బొల్లారం, పాశమైలారం ప్లాంట్లలో రోజుకు మూడుసార్లు చేతులు మారతాయి. రియాక్టర్‌లో బ్యాచ్ సగంలో ఉంటుంది, డ్రయర్ వేడెక్కుతూ ఉంటుంది, ఒక లైన్ మెయింటెనెన్స్‌లో ఉంటుంది. పోయేవాడికి కంపెనీ బస్సు హడావిడి, వచ్చేవాడికి లాగ్‌బుక్‌లో సంతకం హడావిడి. ‘అంతా ఓకే’ అని రాసి వెళ్లిపోయిన రాతలో సగం విప్పిన వాల్వు కనపడదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ ముడిసరుకుల ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు ఈ ప్రాంతం మరచిపోగలిగింది కాదు. 46 మంది చనిపోగా, మరో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. మృతుల్లో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు.

ఈ వాడలో సూపర్‌వైజర్ తెలుగులో చెబుతాడు, బోర్డు ఇంగ్లిష్‌లో ఉంటుంది, హెల్పర్ ఒడియాలో ఆలోచిస్తాడు. చేతులు మారేది మనుషుల మధ్యే కాదు, భాషల మధ్య కూడా. ఆ గీత మీద ఉన్న ముప్పును ఏ రిజిస్టర్‌లో రాశారు? రాయకపోతే ఇకనైనా రాయాలి. మరో సంగతి, కళాశాల ల్యాబ్‌లో మొదటి సంవత్సరం పిల్ల కూడా ‘అన్నా, ఈ సోల్డరింగ్ సరిగా లేదు’ అని సీనియర్‌తో అనగలదు. ఒక పొరబాటు ఆ మాటతో ఆగిపోతుంది. ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు ఆ మాట అంటే రేపటి పని ఉంటుందో లేదోనని నోరు మూసుకుంటాడు. ఆ భయం తీర్చాల్సిన బాధ్యత యాజమాన్యాలది, పూర్తిగా వాళ్లది.

ఈ వాడలోని కంపెనీలు చుట్టుపక్కల కళాశాలల వాళ్లను మేనేజ్‌మెంట్ ట్రైనీలుగా తీసుకునేటప్పుడు వాళ్ల ప్రాజెక్టు గురించి తప్పక అడగాలి. మార్కుల గురించి కాదు, ఆ ప్రాజెక్టును మీ జూనియర్లకు ఎలా అప్పగించారని అడగాలి. జవాబు చెప్పగలిగిన పిల్లకు షిఫ్ట్ మార్పిడి అంటే ఏమిటో సగం తెలిసినట్టే.

రేపు ఉదయం షిఫ్ట్‌కు వెళ్లేవాళ్లు ఈ సభలో ఉంటే ఒక్క విన్నపం. గేటు దగ్గర పంచ్ కొట్టి నేరుగా ప్యానెల్ దగ్గరికి వెళ్లకండి. రాత్రి పనిచేసిన మనిషిని, బస్సు వెళ్లిపోతుందని అతను తొందరపడుతున్నా సరే, ఐదు నిమిషాలు ఆపండి. అతని భాషలోనే అడగండి: ఏది విప్పి పెట్టారు, ఏది సగంలో ఆపారు, ఏది మీకు అనుమానంగా అనిపించింది?