కుదురుపడని అయస్కాంతములు



త్రికోణపు అరుగుమీద మూడు మూలలందు ముగ్గురు దాయాదులు కూర్చుండిరనుకొందము. ప్రక్కవాడు తూర్పు చూచిన తాను పడమర చూడవలెనని ప్రతివానికిని పంతము. ఒకడు తూర్పును, ఒకడు పడమరను చూచిరి. మూడవవా డెటు చూచినను ఒకనితో పంతము చెడును. కొన్ని స్ఫటికములలో పరమాణువుల అయస్కాంతములకు పట్టిన గతి యిదియే. శాస్త్రజ్ఞులు దీనికి ఆశాభంగమను అర్థమిచ్చు పేరు పెట్టిరి.

ఈ చిక్కును చూచుటెట్లు? న్యూట్రానుకు విద్యుదావేశము లేదు గనుక లోతుగా చొచ్చును. తానే చిన్న అయస్కాంతము గనుక లోని అయస్కాంతములచే త్రోవ తప్పును. ఏ దిక్కున కెన్ని చెదరినవో లెక్కించిన లోని అమరిక తెలియును. వేగ మెంత మారెనో కొలిచిన లోని కదలిక తెలియును. 1949లో అమెరికాలోని ఓక్ రిడ్జి కడ షల్, స్మార్టు అనువారు మాంగనీసు ఆక్సైడును చల్లార్చి, ఇరుగుపొరుగు అయస్కాంతములు ఎదురెదురుగా నిలుచునని నీల్ చెప్పిన మాటను ఇట్లే ఋజువు చేసిరి.

అది క్రమము గలది. చెదరిన న్యూట్రానులు నిర్ణీతమైన దిక్కులందే గుమిగూడినవి. ఆశాభంగము చెందిన స్ఫటికమున అట్లుగాక పొగమంచువలె పరచుకొనును. తొందరపాటువాడు ప్రయోగదోషమని త్రోసివేయును. విషయమంతయు అందే యున్నది.

డిస్ప్రోసియం టైటనేటునందు నాలుగేసి అయస్కాంతములు చతుర్ముఖపు మూలలందుండును. రెండు లోనికిని, రెండు వెలికిని చూడవలెను. పదునారు విధములలో ఆరు ఇందుకు సరిపడును. ఆరింటిలో నేదియు నెక్కువ కాదు. మంచుగడ్డలో ప్రతి ఆక్సిజనునకు రెండు హైడ్రోజనులు దగ్గరగను, రెండు దూరముగను ఉండుట యిట్టిదే గనుక దీనిని స్పిన్ ఐస్ అనిరి. ఒక్క అయస్కాంతము తిరుగబడెనా, ఒకచోట మూడు లోనికి, ప్రక్కచోట మూడు వెలికి అగును. ఈ రెండు తప్పులును ఎడబాసి, ఉత్తర దక్షిణ ధ్రువములు విడివిడిగా సంచరించునట్లు తోచును. అయస్కాంతమును విరిచినను ధ్రువములు విడిపోవని మనము చదువుకొంటిమి. ఆ నియమము చెడలేదు. ఈ వేషము స్ఫటికము లోపలనే. 2009లో బెర్లిను రియాక్టరు కడ న్యూట్రానుల మూలమున వాని జాడ కనుగొనిరి.

ఆ రియాక్టరును 2019 డిసెంబరులో మూసివేసిరి. ఫ్రాన్సులో సక్లే కడ ఆర్ఫే అను రియాక్టరునకును ఆ యేడే అదే గతి పట్టెను. న్యూట్రానులు అంగడిలో దొరకవు. రియాక్టరైనను ఉండవలెను, ప్రోటానులతో భారలోహమును మోది రాబట్టు యంత్రమైనను ఉండవలెను. ఈ కొరత పరదేశములదని మే మూరకుండజాలము. ట్రాంబేలో 1956న అప్సర, 1985న ధ్రువ నెలకొన్నవి. కెనడాలో బ్రాక్‌హౌస్ చెంత పనిచేసి వచ్చిన పి. కె. అయ్యంగారు న్యూట్రాను పరికరములను మనదేశముననే నిర్మింపజేసిరి. ఐనను స్ఫటిక మొకచోట, న్యూట్రాను లింకొకచోట అయినప్పుడు, మన విద్యార్థి దరఖాస్తు పంపి, కొలదిదినముల అవకాశమునకై నెలలు వేచియుండవలసి వచ్చుచున్నది.